పెర్సీ జాక్సన్ మొదటి సినిమా పుస్తకం చదివినవాళ్లకు ఎందుకు నచ్చలేదు?

వయసు దగ్గరే తేడా కొట్టింది. రిక్ రియార్డన్ పుస్తకంలో గ్రీకు దేవుడి కొడుకైన పెర్సీకి 12 ఏళ్లు, ఏ స్కూల్లోనూ కుదురుకోని చిన్న పిల్లాడు. 2010 సినిమాలో ఏకంగా టీనేజ్ హీరో అయిపోయాడు, దాంతో ఆ అమాయకత్వం, నవ్వులు సగం పోయాయి. పైగా కథంతా వెనకుండి నడిపించే, గ్రీకు దేవుళ్ల పాత శత్రువు క్రోనోస్ కుట్ర ఊసే లేదు, యుద్ధ దేవుడు ఏరీస్‌తో పెర్సీ సముద్రం ఒడ్డున కత్తి దూసి తలపడే సీనూ ఎగిరిపోయింది. పెర్సీ స్నేహితురాలు ఆనబెత్ జుట్టు బంగారు రంగులో లేదని కూడా గొడవే, అది మాత్రం నాకు మరీ అతి అనిపించింది. పుస్తకం ముట్టుకోని పిల్లలకు పాముల జుట్టు రాక్షసి మెడూసా, కాలం తెలియకుండా కట్టిపడేసే లోటస్ క్యాసినో సీన్లు హాయిగా ఎక్కేస్తాయి, మా ఇంట్లో జరిగింది అదే. 2023 డిసెంబర్‌లో మొదలైన పెర్సీ జాక్సన్ వెబ్ సిరీస్‌కి రచయితే దగ్గరుండి కథ చూసుకున్నాడు, పెర్సీ మళ్లీ 12 ఏళ్లవాడయ్యాడు.