కాంతిన్‌ఫ్లాస్ సినిమాల్లో రాజకీయ వ్యంగ్యం ఎక్కడుంది?

మెక్సికో పాత సినిమాల్లో హాస్యనటుడు కాంతిన్‌ఫ్లాస్ వాగుడు తప్ప రాజకీయ వ్యంగ్యమేదీ తమకు కనిపించలేదని, అది ఎక్కడుందో చెప్పమని అడిగారు. ఉద్యోగరీత్యా రెండేళ్లు మెక్సికోలోని గ్వాదలహారా నగరంలో ఉన్నప్పుడు నాకూ ఇదే అనుమానం వచ్చింది. 1940 నాటి అతని సినిమా ‘ఆయీ ఎస్తా ఎల్ దెతాయే’ను, అప్పుడప్పుడే నేర్చుకుంటున్న స్పానిష్‌తో, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో సంభాషణను వెనక్కి తిప్పి తిప్పి చూశాను, ఒక వాక్యం క్రియ దాకా చేరకముందే అతను ఇంకో వాక్యం ఎత్తుకుంటుంటే, లోపం నా భాషాజ్ఞానంలోనే ఉందనుకున్నాను. మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు అది చూసి, ఆ మాటలు తమకూ అర్థం కావని, అర్థమైతే ఇక నవ్వడానికి ఏముంటుందని అన్నారు.

ఆ తర్వాత ఆ సినిమాలోని కోర్టు ఘట్టాన్ని మళ్లీ చూశాను. పనిమనిషిగా ఉన్న ప్రియురాలు వంటింట్లో పెట్టే భోజనానికి ఆశపడి వచ్చిన కథానాయకుడు, అది దక్కాలంటే ఆ ఇంట్లోని బాబీ అనే పిచ్చికుక్కను చంపవలసి వస్తుంది. అదే పేరుగల ఒక దుండగుడు కూడా హత్యకు గురికావడంతో అతన్ని బోనెక్కిస్తారు. తాను చంపింది కుక్కనే గనుక నేరాన్ని నిశ్చింతగా ఒప్పుకుంటాడు. విచారణ సాగేకొద్దీ అతని డొంకతిరుగుడు ధోరణి న్యాయమూర్తికీ న్యాయవాదులకూ అంటుకుని, చివరికి చదువుకున్న పెద్దమనుషులంతా అతనిలాగే మాట్లాడతారు. మీరు వెతుకుతున్న వ్యంగ్యం అదే. ‘పెలాదో’ అని నగరం ఈసడించే, నడుము మీద లాగు నిలవని పేదవాడు, కార్యాలయాల్లో వినిపించే భాషనే వాళ్లకు తిప్పి అప్పగిస్తున్నాడు. ఆ మాటతీరుకు ‘కాంతిన్‌ఫ్లేయార్’ అనే క్రియాపదం పుట్టి, స్పానిష్ నిఘంటువులో కూడా చేరింది.

అయితే ఆ వెక్కిరింత భాష దగ్గరే ఆగిపోతుంది. 1929 నుంచి 2000 దాకా దేశాన్ని ఏలినది ఒకే పార్టీ. రెండుసార్లు పేరు మార్చుకుని పీఆర్‌ఐ (ఇన్‌స్టిట్యూషనల్ రివల్యూషనరీ పార్టీ) అయింది. ఆ పాలన పునాదుల దగ్గరికి నేరుగా వెళ్లిన దర్శకుడు హూలియో బ్రాచో 1960 చిత్రం ‘లా సోంబ్రా దెల్ కౌదియో’, అధ్యక్ష పదవి కోసం విప్లవ సేనానుల మధ్య జరిగిన కుత్తుకల కోతను చూపినందుకు, 1990 దాకా థియేటర్ల ముఖం చూడలేదు.

సామాజిక ప్రాతినిధ్యం విషయంలో నాకు కాంతిన్‌ఫ్లాసే మెరుగనిపిస్తాడు. ‘మరియా కందెలారియా’ సినిమాలో, మెక్సికో నగరం అంచునున్న సోచిమిల్కో కాలువల మీద పూలమ్ముకునే ఆదివాసీ యువతిగా నటించిన దొలోరెస్ దెల్ రియో సంపన్న కుటుంబంలో పుట్టి, హాలీవుడ్‌లో వెలిగి వచ్చిన తార. గాబ్రియేల్ ఫిగెరోవా కెమెరా ఆమె ముఖాన్ని విగ్రహంలా నిలబెట్టింది. కానీ విగ్రహం ఎదురు ప్రశ్న వేయదు కదా. పెలాదో మాత్రం జడ్జి ముందు కూడా నోరు మూయడు.

మీరు చూడదలిస్తే ముందు ఆ కోర్టు ఘట్టం, తర్వాత బ్రాచో చిత్రం, ఆపైన పీఆర్‌ఐని పేరుతో సహా ఎండగట్టిన 1999 నాటి ‘లా లేయ్ దే ఎరోదెస్’ చూడండి. ఒక్క జాగ్రత్త: ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు కాంతిన్‌ఫ్లాస్ తెగిన వాక్యాలను సరిచేసి, సాపు చేసి చూపిస్తాయి. పక్కన స్పానిష్ తెలిసినవారు ఎవరైనా ఉంటే, అవి ఆపేసి వాళ్లు ఎక్కడ నవ్వుతున్నారో గమనించండి.