స్టడీ సెంటర్ బాధ్యత తీసుకున్న సునీతకు

అమ్మా సునీతా,

మీ కాలేజీలో ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) దూరవిద్య స్టడీ సెంటర్‌కి నిన్ను కోఆర్డినేటర్‌గా వేశారని తెలిసి సంతోషించాను. "వారమంతా పాఠాలు చెప్పి ఆదివారం కూడా కాలేజీకి రావాలా మాస్టారూ" అన్నావు. రావాలి. ఇచ్చే గౌరవ వేతనం చూసి చేసే పని కాదిది. కాకపోతే పని ఎలా నడుస్తుందో ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

మొదట ఎవరి పని ఏదో చూసుకో. ఢిల్లీ మైదాన్‌గఢీలో ప్రధాన కార్యాలయం ఉంది. పాఠాలు రాయించేది, అచ్చు వేయించి పోస్టులో పంపేది, పరీక్షలు పెట్టేది అక్కడి వేర్వేరు విభాగాలు. వాళ్ళకీ మనకీ మధ్య ప్రాంతీయ కేంద్రం. మన తెలుగువాళ్ళకి విజయవాడ, విశాఖ, హైదరాబాద్‌లలో ఉన్నాయి. చివర మనం. మన చేతిలో ఉన్నవి కౌన్సెలింగ్ క్లాసులు (ఆదివారాలు సందేహాలు తీర్చే తరగతులు), అసైన్‌మెంట్లు (ఇంటి దగ్గర జవాబులు రాసి తెచ్చేవి), ప్రాక్టికల్స్ ఉన్న కోర్సులైతే అవీ. అంతే. కానీ విద్యార్థికి కళ్ళెదుట కనిపించే యూనివర్సిటీ నువ్వే. పుస్తకాలు అందకపోయినా, హాల్ టికెట్‌లో పేరు తప్పు పడినా నీ టేబుల్ దగ్గరికే వస్తారు. అది నీ పరిధిలో లేకపోవచ్చు. ఏ ఆఫీసుకి రాయాలో చెప్పి, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, ప్రోగ్రామ్ కోడ్ వేసి మెయిల్ ఎలా రాయాలో దగ్గరుండి రాయించు. ఆ రెండూ లేని మెయిల్‌కి జవాబు వస్తుందని ఆశపడొద్దు.

ఇక చేరేవాళ్ళు. ప్రమోషన్ కోసం డిగ్రీ కావలసిన కానిస్టేబుల్, ఇంటర్‌తో పెళ్ళయిపోయిన అమ్మాయి, సచివాలయంలో పనిచేస్తూ ఎంఏ చేద్దామనుకునే కుర్రాడు. చాలామంది దరఖాస్తు తాము నింపుకోరు, నెట్ సెంటర్‌లో నింపిస్తారు. అక్కడివాడు తొందరలో తన ఫోన్ నంబరు, తన మెయిల్ పెట్టేస్తాడు. యూనివర్సిటీ పంపే మెసేజ్‌లన్నీ అతనికే పోతాయి. విద్యార్థికి ఏ కబురూ అందదు, సంవత్సరం గడిచిపోతుంది. కాబట్టి లిస్టు నీ చేతికి రాగానే చేయవలసిన మొదటి పని, ప్రతి నంబరుకీ ఫోన్ చేయించి ఎత్తింది ఎవరో రాసుకోవడం. ఆడపిల్లల విషయంలో భర్త నంబరో తండ్రి నంబరో ఉంటుంది. అది తీసెయ్యకు, పక్కన ఆమె సొంత నంబరు కూడా రాయి.

ఇప్పుడు చేరడానికి ఏబీసీ ఐడీ (విద్యార్థి చదువు లెక్క జమ అయ్యే ఖాతా నంబరు), డెబ్ ఐడీ (దూరవిద్యలో చేరేవాళ్ళకి యూజీసీ ఇచ్చే నంబరు) కూడా కావాలి. ఆధార్‌లో ఒక పేరు, టెన్త్ మెమోలో ఒక పేరు ఉంటే చిక్కే. ఇంటిపేరు ముందా వెనకా అన్నది మన తెలుగువాళ్ళ పాత తలనొప్పి కదా. గడువు చివరి వారంలో ఇది తేలితే ఎవరూ ఏమీ చేయలేరు, అడ్మిషన్లు మొదలుకాగానే కాలేజీ గేటు దగ్గర నోటీసు పెట్టించు.

కొత్తగా చేరినవాళ్ళకి పెట్టే ఇండక్షన్ మీటింగ్‌ని ఉపన్యాసాలతో, శాలువాలతో ముగించకు. ప్రిన్సిపల్‌గారికి ఐదు నిమిషాలు చాలు. మిగతా సమయమంతా లెక్క చెప్పు. ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 6 క్రెడిట్ల పేపర్ అంటే 180 గంటలు. రోజుకి గంట చొప్పున కూర్చుంటే ఒక్క పేపర్‌కే ఆరు నెలలు. ఇది విన్నాక కొందరి ముఖాలు వాడిపోతాయి. ఫర్వాలేదు. దూరవిద్య అంటే పరీక్షకి ముందు గైడు కొనుక్కోవడం అనుకుని వచ్చినవాళ్ళకి ఆ రోజే తెలియడం మంచిది. పీజీ రెండేళ్ళదైనా నాలుగేళ్ళ దాకా గడువు ఉంటుందని కూడా అదే నోటితో చెప్పు. పిల్లల పరీక్షలప్పుడు ఒక పేపర్ వదిలేస్తే చదువే పోయిందని బెంగపడేవాళ్ళుంటారు.

రీ-రిజిస్ట్రేషన్ సంగతి మాత్రం మీటింగ్‌లోనే మూడుసార్లు చెప్పు. మొదటి ఏడాది పరీక్షలు రాసినా రాయకపోయినా, పాసైనా తప్పినా, రెండో ఏడాదికి గడువులోగా ఫీజు కట్టి నమోదు కావలసిందే. రిజల్ట్స్ వచ్చాక కడదాంలే అనుకునేవాళ్ళు వెనకబడిపోతారు. రెగ్యులర్ కాలేజీలో చదివినవాళ్ళకి ఈ పద్ధతి ఎంతకీ ఎక్కదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. మొత్తం మార్కుల్లో సాధారణంగా 30 శాతం అసైన్‌మెంట్లకి, 70 శాతం జూన్, డిసెంబర్ పరీక్షలకి. రెండింటిలో విడివిడిగా పాసవ్వాలి, ఒకదాంట్లో ఎక్కువ వచ్చినా రెండోదాంట్లో తక్కువైతే పాస్ కారు. అందుకని అందరూ అసైన్‌మెంటుని మార్కుల వ్యవహారంగానే చూస్తారు. నా దృష్టిలో అసైన్‌మెంటే క్లాసు. నీ విద్యార్థుల్లో ఎక్కువమంది కౌన్సెలింగ్‌కి రారు, థియరీకి హాజరు తప్పనిసరి కూడా కాదు. వాళ్ళకి గురువు మాట చేరే దారి ఒక్కటే, ఆ కాగితాల మార్జిన్. మీ కౌన్సెలర్లు, అంటే ఆ క్లాసులు చెప్పి కాగితాలు దిద్దే అధ్యాపకులు, టిక్ పెట్టి, చివర ఒక అంకె వేసి పడేస్తే ఆ దారీ మూసుకుపోయినట్టే. "జవాబు బాగుంది కానీ 3వ యూనిట్‌లో చెప్పిన కారణాలు వదిలేశావు" అని ఒక్క వాక్యం రాయమను. ఎన్ని కట్టలున్నా సరే. దిద్దినవి తిరిగి విద్యార్థి చేతికి వెళ్ళేలా చూడు, బీరువాలో మూలుగుతుంటే రాసిన వ్యాఖ్య ఎవరి కోసం? తీసుకున్న ప్రతిదానికీ రసీదు ఇవ్వు. మార్కులు ఎక్కలేదని రేపు ఎవరైనా వస్తే రసీదు, నీ రిజిస్టరు రెండే సాక్ష్యం.

గడువుకి నెల ముందు రిజిస్టరు తీసి, ఒక్క అసైన్‌మెంటూ ఇవ్వనివాళ్ళ పేర్లు వేరే రాసుకో. చదువు మానేయబోయేది వాళ్ళే. ఎవరూ మానేస్తున్నానని చెప్పి మానేయరమ్మా, ఊరికే కనిపించకుండా పోతారు. ఆ ఫోన్లు ఆఫీసు అసిస్టెంట్‌కి వదలకుండా నువ్వే చెయ్యి. రాత్రి వంటలయ్యాక, ఎనిమిదిన్నర తర్వాత అయితే ఎత్తుతారు. మందలించకు. ఏ పేపర్ దగ్గర ఆగారో అడుగు, ఒక్క అసైన్‌మెంటు ముందు రాసి తెమ్మను.

తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళు ఇంగ్లీషు బ్లాకులు (ఇగ్నో పాఠ్యపుస్తకాలు) చూసి బెదురుతారు. వాళ్ళకి నేనొక దారి చెప్పేవాణ్ణి. హిస్టరీ, పొలిటికల్ సైన్స్‌లాంటివైతే అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం తెలుగు పుస్తకాల్లో అదే అంశం ముందు చదవండి, తర్వాత ఇంగ్లీషు యూనిట్ తెరవండి అని. గ్రూప్స్‌కి చదివేవాళ్ళంతా వెతుక్కునే పుస్తకాలవి. అన్నట్టు 1982లో ఆ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి గారే. 1985లో ఇగ్నో మొదలైతే దానికీ మొదటి వైస్ ఛాన్సలర్ ఆయనే. దేశంలో సార్వత్రిక విద్యకి పునాది మన దగ్గరే పడింది. ఇది మాత్రం మీటింగ్‌లో కాస్త గొప్పగానే చెప్పుకో.

పుస్తకాలు ఇంకా చేరలేదనేవాళ్ళకి ఇగ్నో వారి వెబ్‌సైట్ ఈ-జ్ఞాన్‌కోశ్ చూపించు. యూనిట్లు చాలావరకు అందులో పీడీఎఫ్‌లుగా ఉంటాయి, ఉచితం. ఆదివారం వచ్చే నలుగురైదుగురి ముందు యూనిట్ మొదటి నుంచీ చదివి వినిపించవద్దని కౌన్సెలర్లకి చెప్పు. ఎక్కడ ఆగారో అడిగి అక్కడి నుంచి ఎత్తుకోవాలి. చివరి అరగంట ఒక ప్రశ్నకి జవాబు రాయించి అక్కడికక్కడే దిద్దాలి. బస్సు ఛార్జీ పెట్టుకుని వచ్చినవాళ్ళకి అంతకన్నా పనికొచ్చేది లేదు.

ఇండక్షన్ తేదీ ఖాయమయ్యాక ఫోన్ చెయ్యి. నా పాత రిజిస్టరు నమూనా, ఫోన్ చేసేటప్పుడు అడిగే ప్రశ్నల కాగితం ఉన్నాయి, పట్టుకొస్తాను. నీ అసిస్టెంటు కుర్రాణ్ణి కూడా ఆ రోజు ఉండమను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు