పాత జనాభా లెక్కల్లో ముత్తాత ఇల్లు దొరుకుతుందా?

ప్రశ్న: మా ముత్తాతగారిది తణుకు దగ్గర పల్లె. 1920ల్లో రైల్వే ఉద్యోగానికి ఖరగ్‌పూర్ వెళ్లి అక్కడే ఉండిపోయారు. అమెరికాలో పాత జనాభా లెక్కల్లో పేరు వెతికితే ఇల్లు ఎక్కడో తెలుస్తుందట. మన 1921, 1951 లెక్కల కాగితాలు తీయిస్తే మా ఇల్లు దొరుకుతుందా?

జవాబు: దొరకదండీ. అమెరికాలో 72 ఏళ్లు దాటాక ఇంటింటి వివరాలు బయటపెడతారు, 1950వి 2022లో వచ్చాయి. మనకు ఆ పద్ధతి లేదు. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఎన్యూమరేటర్ (ఇంటింటికీ వచ్చి లెక్క రాసుకునే ఉద్యోగి) రాసిన రికార్డు చూసే హక్కు ఎవరికీ లేదు, ఎలాగో సంపాదించినా సివిల్ కోర్టులో సాక్ష్యంగా పనికిరాదు. జిల్లా సెన్సస్ పుస్తకాలు దొరుకుతాయి గానీ వాటిలో ఊళ్లో ఎన్ని ఇళ్లు, ఎంత జనం అన్నదే ఉంటుంది, పేర్లుండవు. కాబట్టి పాత లెక్కల కాగితాల నకలు తెప్పిస్తామని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి.

పోనీ రెవెన్యూ రికార్డులో ఉండదా అంటే, పొలానికైతే ఉంటుంది. ఇళ్లున్న చోటు గ్రామకంఠం, భూముల శిస్తు ఖరారు చేసిన పాత సెటిల్మెంటు రిజిస్టర్లలో మామూలుగా దాన్నంతా కలిపి ఒక సర్వే నంబరు కింద రాసేశారు, లోపల ఏ ఇల్లు ఎవరిదో ఉండదు.

అందుకే నేను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకే వెళ్లమంటాను. స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకాన్ని, దాని ఇండెక్సులను ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలూ తీసుకోవచ్చు, రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. కంప్యూటర్లో పాతవి రావు, చేత్తో వెతికించాలి. ముత్తాతగారి పేరున ఏమీ కనపడకపోయినా ఆగిపోకండి, ఎందుకంటే వంద రూపాయల లోపు ఆస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఆ రోజుల్లో పల్లెటూళ్లో చిన్న ఇల్లు ఆ ధర లోపే చేతులు మారి ఉండొచ్చు. అప్పుడు ఇరుగుపొరుగు వాళ్ల దస్తావేజులు తీయించి హద్దులు చదవండి. 'తూర్పు: ఫలానా వారి లోగిలి' అని మీ ఇంటిపేరుతో ఒక్క హద్దు కనపడితే చాలు, స్థలం దాదాపు దొరికినట్టే. ఇంకో మాట, 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడేదాకా తణుకు కృష్ణా జిల్లాలో ఉండేది, కాబట్టి అంతకుముందు కాగితాల మీద కృష్ణా జిల్లా అని ఉంటే కంగారుపడకండి. పంచాయతీలో పాత ఇంటి పన్ను రిజిస్టర్ ఉంటే అదీ అడగండి, కానీ పన్ను రసీదుతో హక్కు రుజువు కాదు.

ఇల్లు చూసి దణ్ణం పెట్టుకుని రావాలనుకుంటే ఇంతవరకు చాలు. స్వాధీనం కావాలంటే మాత్రం కష్టం. బయటివాళ్లు తమదే అని 12 ఏళ్లకు పైగా బహిరంగంగా అనుభవిస్తుంటే మీ దావాకు కాలపరిమితి దాటిపోయినట్టే. ఉన్నది దాయాదులైతే లెక్క వేరు, వాళ్లు ఊరికే అక్కడ కాపురం ఉన్నంత మాత్రాన మీ వాటా పోదు, మీకు హక్కు లేదని బహిరంగంగా ఎప్పుడు చెప్పారన్నదాన్నిబట్టి ఉంటుంది. అక్కడ ఎవరుంటున్నారో ముందు కనుక్కోండి, లాయరు నోటీసు సంగతి ఆ తర్వాతే.