బెంగాలీ నేర్చుకున్నా సిల్చర్ మాట అర్థం కావట్లేదు, ఏం చేయాలి?

(ప్రశ్న సారాంశం: అస్సాంలోని సిల్చర్ ఎన్‌ఐటీలో సీటు వచ్చింది. యాప్‌లో బెంగాలీ కొంత నేర్చుకున్నాను. అక్కడివాళ్ల వీడియోలు పెడితే ఒక్క ముక్క పట్టుబడట్లేదు.)

మీరు విన్నది సిలెటి. స్థానికులు సిలోటి అంటారు. మీ బెంగాలీ వృథా ఏమీ కాదు. మీరు బెంగాలీలో అడిగితే అందరికీ అర్థమవుతుంది, బోర్డులూ పేపర్లూ బెంగాలీలోనే ఉంటాయి. చిక్కల్లా వాళ్లిచ్చే జవాబుతోనే. మాటలు చాలావరకు అవే, అక్షరాల పలుకు మారింది. ముందు ఆ మార్పులకు చెవిని అలవాటు చేయండి.

ప అన్నది ఫ అవుతుంది, పెదవులు పూర్తిగా కలవవు: పాని (నీళ్లు) ఫాని, ఆప్ని (మీరు) ఆఫ్నే. చ, ఛ రెండూ స: చా (టీ) సా, మాఛ్ (చేప) మాస్. అ, ఆ, ఒ ముందు క, ఖ వస్తే హైదరాబాద్ ఉర్దూలో ‘ఖైదీ’ అనేటప్పటి గొంతు ఖ వినిపిస్తుంది, కాబట్టి కొతొ (ఎంత) ఖొతొ అవుతుంది. ఇ, ఉ ముందు మాత్రం క అలాగే ఉంటుంది, అందుకే ‘ఏమిటి’ అనడానికి కితా. శ చాలాచోట్ల హ అవుతుంది, అసలు హ రాలిపోతుంది. బజార్లో దెబ్బతినేది ఇక్కడే: బెంగాలీలో హాత్ అంటే చెయ్యి, సిలెటిలో హాత్ అంటే ఏడు, చెయ్యి ఆత్. సాయిర్, ఫాస్, సొయ్, హాత్, ఆట్ (4 నుంచి 8) మొదటి వారంలోనే నోటికి రావాలి.

ఘ, ధ, భ లాంటి ఒత్తులు పోయి, వాటి బదులు స్వరం పైకి లేస్తుంది. దాన్ మామూలుగా అంటే దానం, ఎత్తి అంటే వడ్లు. బాత్ మామూలుగా అంటే వాతం, ఎత్తి అంటే అన్నం. మనవాళ్లలో చాలామందికి ఒత్తులు సరిగా పలకవు కాబట్టి సగం పని అయిపోయినట్టే, కానీ స్వరం ఎత్తకపోతే మెస్‌లో వాతం వడ్డించమన్నట్టు ఉంటుంది. కంచం చేతిలో ఉంటుంది గనక అర్థం చేసుకుంటారులెండి.

క్రియల్లో రెండు రూపాలు చాలు. ‘వెళ్తున్నాను’ జాయిరామ్ (జ ఇక్కడ జెడ్ పలుకు), ‘వెళ్తాను’ జాయిము. బెంగాలీ జాచ్చి, జాబొ కోసం చెవులు రిక్కిస్తే దొరకవు. ఖాయిరామ్ అంటే తింటున్నాను, ఖాయిలామ్ అంటే తిన్నాను. ర, ల తేడా వినకపోతే కాలమే మారిపోతుంది.

బెంగాలీలో లేని స్త్రీ-పురుష భేదం ఇందులో ఉంది: హే (అతను), తాయి (ఆమె), గౌరవానికి ఇద్దరికీ తాయిన్. మేడమ్ గురించి మాట్లాడుతూ చివరి న్ మింగేస్తే మర్యాద పోతుంది. కొత్తవాళ్లతో ఆఫ్నే వాడండి, తుయి (ఒరే, ఒసే అనేంత చనువుతో ‘నువ్వు’) జోలికి పోవద్దు.

టిఫిన్ దగ్గర ఒక జాగ్రత్త. ఫుడి అంటే అమ్మాయి. ‘పూరీ ఉందా’ అని అడిగితే నవ్వులపాలవుతారు. లుచి అనండి.

ఇది వేరే భాషా, బెంగాలీ మాండలికమా అన్న వాదన అక్కడ మీరు ఎత్తవద్దు. 1961 మే 19న సిల్చర్ స్టేషన్ దగ్గర బెంగాలీ కోసం ఉద్యమిస్తున్నవాళ్లపై పోలీసు కాల్పులు జరిగి 11 మంది చనిపోయారు. ఇంట్లో సిలెటి మాట్లాడే చాలామంది తమది బెంగాలీ అనే చెబుతారు.

సిలెటి నాగరి అని సొంత లిపి ఉంది, 2005లో యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. సిల్చర్ వీధుల్లో మాత్రం పనికిరాదు. ఆ సమయం బెంగాలీ లిపి మీద పెట్టండి, బస్సు బోర్డులైనా చదువుకోవచ్చు.