వినిపించీ వినిపించనట్టు

"నలుగురు స్నేహితులు ఇంటికొచ్చినప్పుడు వెనకాల పెట్టుకోవడానికి మంచి డౌన్‌టెంపో సంగీతం చెప్పండి" అని అడిగారు. అంటే నెమ్మది బీట్‌తో సాగే ఎలక్ట్రానిక్ సంగీతం అన్నమాట. పేర్లు చివర్లో చెబుతాను గానీ వాటితో పెద్ద పనిలేదు. అసలు సంగతంతా వాల్యూమ్‌లో ఉంది. పరువు పోగొట్టుకుని నేర్చుకున్న విద్య ఇది.

కొన్నేళ్ల క్రితం మా ఇంట్లో ఆరుగురం కూర్చున్నాం. దానికోసం మూడు రాత్రులు నిద్ర మానుకుని ప్లేలిస్టు కట్టాను. నిమిషానికి 80 బీట్లతో మొదలెట్టి, పొద్దుపోయేకొద్దీ 100 దాకా తీసుకెళ్లాలని పథకం. బేస్ బాగా పలుకుతుందని స్పీకర్లు గది మూలల్లో పెట్టాను. పలికింది కూడా, కిటికీ అద్దాలతో సహా.

మొదటి ట్రాకు నాలుగు నిమిషాలు నడిచాక మావాడొకడు అడిగాడు: "ఒరేయ్, ఇంతకీ పాటెప్పుడు మొదలవుతుందిరా?"

నవ్వేసి ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. ఈ తరహా సంగీతానికి పేరుపడ్డ ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరం దగ్గర ఎత్తుకుని, అక్కడి మాసివ్ అటాక్ బృందం 1991లో తెచ్చిన మొదటి ఆల్బం మీదుగా ఉపన్యాసం దంచాను. బీట్ తెలియాలని నేను సౌండు పెంచుతాను, మాట వినపడాలని వాళ్లు గొంతు పెంచుతారు. చుట్టూ రొద ఉంటే మనిషి తనకు తెలియకుండానే గట్టిగా మాట్లాడతాడు. దీన్ని లొంబార్డ్ ఎఫెక్ట్ అంటారు, 1911లో ఒక ఫ్రెంచి చెవి డాక్టరు రాసిపెట్టాడు. ఆ రాత్రి మా గదిలో ఆయన్ని తల్చుకున్నవాళ్లెవరూ లేరు గానీ, అందరం ఆయన మాట నిలబెట్టాం.

చివరికి మా ఆవిడ లేచి, ఒక్క మాట అనకుండా, నాబ్ తిప్పేసి వచ్చి కూర్చుంది. పూర్తిగా కట్టలేదు, చెవికి ఆనీ ఆననంత ఉంచింది. నేను ఉక్రోషం కొద్దీ ప్లేలిస్టు తీసేసి, ఫ్రెంచి జంట ఎయిర్ వాళ్ల 1998 నాటి ఆల్బం పెట్టి వదిలేశాను. కాసేపటికి గొంతులు దిగాయి. పాట గురించి అడిగినవాడే ఉద్యోగం పోయిన సంగతి మెల్లగా బయటపెట్టాడు. మాకెవరికీ తెలియదు అప్పటిదాకా. రిపీట్ ఆన్‌లో ఉండిపోయినట్టుంది, అదే ఆల్బం మూడుసార్లు తిరిగింది, అంటే రెండు గంటల పైమాటే. ఆ సంగతి గమనించింది నేనొక్కణ్నే.

బ్రిటిష్ సంగీతకారుడు బ్రయన్ ఈనోకి కూడా ఇలాంటిదే జరిగింది. 1975లో కారు ప్రమాదంలో దెబ్బలు తగిలి మంచాన పడ్డాడు. చూడ్డానికొచ్చిన స్నేహితురాలు హార్ప్ సంగీతం రికార్డు పెట్టి వెళ్లిపోయింది. సౌండు మరీ తక్కువ, ఒక స్పీకరు పలకడం లేదు, లేచి సరిచేసే ఓపిక లేదు. బయటి వానచప్పుడులో ఆ తీగల మోత కలిసిపోతూ వినిపించింది. పరిసరాల్లో కలిసిపోయే 'యాంబియెంట్' సంగీతం అనే ఆయన ఆలోచన అక్కడినుంచే మొదలైంది. నన్నడిగితే ఈ సంగీతం మొత్తానికి పునాది ఆ తక్కువ సౌండే.

ఇంకో బాధ ఉంది. యాప్‌లో 'చిల్' అని వెతికితే, అందరికీ తెలిసిన హిట్ పాటల్నే నిద్రమత్తులో ఉన్నట్టు గుసగుసగా పాడినవి వస్తాయి. తెలిసిన మాట చెవిన పడితే ఎవడో ఒకడు కూనిరాగం అందుకుంటాడు, కబుర్లు అక్కడితో సరి. స్పీకరుకి కలిపిన ఫోను నోరు కూడా ముందే నొక్కండి. లేకపోతే మెసేజీల 'టింగు' గదంతా మోగుతుంది.

సరే, పేర్లు. వియన్నా జంట క్రూడర్ అండ్ డార్ఫ్‌మైస్టర్, థీవరీ కార్పొరేషన్, బోనోబో. స్పెయిన్ దీవి ఇబిజాలోని కఫే డెల్ మార్‌లో డీజే హోసే పడియా సూర్యాస్తమయానికి సరిపడేలా పాటలు వేసేవాడు. 1994 నుంచి ఆ పేరుతో వచ్చిన సంకలనాల్లో మొదటివి వెతకండి. పోర్టిస్‌హెడ్ బృందం పాటలు మాత్రం నలుగురిలో వద్దు. ఆ గొంతులో దిగులుకి అందరూ గోడలు చూస్తూ కూర్చుంటారు.

మావాడు ఇప్పటికీ వస్తుంటాడు. చెప్పులు విడిచి లోపలికి రాగానే ముందు నాబ్ ఎక్కడుందో చూసుకుని, ఆ తర్వాతే కూర్చుంటాడు.