అండమాన్ వేట పడవలో పదవీ విరమణ సొమ్ము పెట్టవచ్చా?

ప్రశ్న: నా వయసు 56 ఏళ్లు. విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ రంగ సంస్థలో పనిచేసి ఇటీవలే స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. గత నెలలో అన్నీ కలిపి 72 లక్షల రూపాయలు చేతికి వచ్చాయి. సొంత ఇల్లు ఉంది, అప్పులు లేవు. మా ఆవిడ ప్రభుత్వ ఉపాధ్యాయురాలు, ఇంకా ఆరేళ్ల సర్వీసు ఉంది కాబట్టి ఇల్లు ఆమె జీతంతో గడుస్తుంది. అమ్మాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. మా బావమరిది శ్రీవిజయపురంలో, అంటే పాత పోర్ట్ బ్లెయిర్‌లో, స్థిరపడ్డాడు. మొన్న ఫిబ్రవరిలో అతనితో కలిసి గాలం వేటకు వెళ్లి 27 కిలోల జీటీ (జెయింట్ ట్రెవల్లీ) చేపను పట్టి మళ్లీ సముద్రంలోకి వదిలాను. ఆ అనుభవం మరచిపోలేకపోతున్నాను. రెండు 150 హార్స్‌పవర్ ఇంజన్లున్న 28 అడుగుల ఫైబర్ పడవ 60 లక్షలకు అమ్మకానికి ఉందని, నేను 40 లక్షలు పెడితే లాభంలో మూడింట రెండు వంతులు ఇస్తానని అతను అంటున్నాడు. రోజుకు 45 వేల చొప్పున ఏడాదికి 150 రోజులు, ఖర్చులు పోను 30 లక్షలు మిగులుతాయని, నా వాటాగా 20 లక్షలు వస్తాయని లెక్క పంపాడు. పెట్టమంటారా?

జవాబు: మీరు పంపిన లెక్కను, మీ ఉత్తరాన్ని రెండేసి సార్లు చదివాను. ఉత్తరంలో ఆ చేప దారాన్ని లాక్కుపోయిన ఇరవై నిమిషాల గురించి మీరు రాసిన తీరు చూస్తే, ముప్పై ఏళ్ల ఉద్యోగం తర్వాత మీకు ఇంత సంతోషాన్నిచ్చిన విషయం మరొకటి లేదని అర్థమవుతోంది. ఆ సంతోషం మీకు ఏటా దక్కాలనే నేనూ కోరుకుంటున్నాను. అందుకే నా అభిప్రాయాన్ని ముందుగానే స్పష్టంగా చెబుతున్నాను: ఆ పడవలో ఏటా ప్రయాణించండి, కానీ దానికి యజమాని కావద్దు.

మీ బావమరిది లెక్కలో మొదటి చిక్కు రోజుల దగ్గర ఉంది. అండమాన్ సముద్రంలో పర్యాటకులను గాలం వేటకు తీసుకువెళ్లగలిగే కాలం స్థూలంగా నవంబరు నుంచి ఏప్రిల్ వరకే. ఆ తర్వాత నైరుతి రుతుపవనాల అలల్లో 28 అడుగుల పడవను లోతు నీటిలోకి తీసుకుపోవడం ప్రాణాలతో చెలగాటం. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే 61 రోజుల వేట నిషేధంలో మరబోట్ల యజమానులు ఎలా ఇబ్బంది పడతారో విశాఖవాసిగా మీరు చూసే ఉంటారు. అక్కడ ఈ వ్యాపారానికి ఖాళీ కాలం దానికి మూడింతలు. మిగిలిన సుమారు 180 రోజుల్లో 150 రోజులు పడవ నిండాలంటే వాతావరణం ఒక్క వారం కూడా చెడకూడదు, ఒక్క బృందం కూడా రావడం మానుకోకూడదు, ఇంజను ఒక్కసారైనా మొరాయించకూడదు. బంగాళాఖాతంలో తుపాన్లు పుట్టే కాలమూ, ఈ వేట సీజను మొదలయ్యే కాలమూ ఒకటే. 2013 నవంబరులో లెహర్ తుపాను అండమాన్ మీదుగా సాగి ఆ తర్వాతే మన కోస్తా వైపు వచ్చింది. 2016 డిసెంబరులో, తర్వాత వర్ధా తుపానుగా మారిన వాయుగుండం వల్ల హేవ్‌లాక్ ద్వీపంలో వందలాది పర్యాటకులు రోజుల తరబడి చిక్కుకుపోయారు. ఇక 2020లో కరోనా వచ్చినప్పుడు విమానాలే లేకపోయాయి. పడవ నడిచినా నడవకపోయినా దాన్ని నడిపే సరంగు జీతం, బీమా, పడవను రేవులో కట్టి ఉంచే ఖర్చు మాత్రం ఆగవు.

రెండో చిక్కు ఇంధనం. అతను రోజుకు 100 లీటర్ల పెట్రోలు చాలునని వేశాడు. పడవ వెనక బిగించే 150 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజను మామూలు ప్రయాణ వేగంలో గంటకు 25 నుంచి 30 లీటర్ల వరకు తాగుతుంది. పూర్తి వేగంలో అది 50 లీటర్ల దాకా పోతుంది. ఇంజన్లు రెండు. జీటీ, డాగ్‌టూత్ సూర (ట్యూనా) వంటి చేపలు పగడపు దిబ్బల అంచుల్లో, నీటి అడుగున మెట్టలున్న చోట్ల ఉంటాయి కాబట్టి ఒకచోటు నుంచి మరోచోటికి పరుగెత్తడమే ఈ వేటలో సగం పని. నాలుగు గంటల పరుగు, మిగతా సమయంలో నెమ్మదిగా తిరగడం కలిపితే రోజుకు 250 లీటర్లని నేను వేసుకున్నాను. అండమాన్‌లో పెట్రోలు మన దగ్గర కంటే చవకే అయినా లీటరుకు 85 రూపాయలనుకుంటే రోజుకు 21,250 రూపాయలు అక్కడే కరిగిపోతాయి. అంటే మీకు వచ్చే 45 వేలలో దాదాపు సగం ఇంజన్లే తాగేస్తాయి.

ఇప్పుడు అతను చెప్పిన 150 రోజులనే ఒప్పుకుని లెక్క వేద్దాం. రాబడి 67.5 లక్షలు. ఇంధనం దాదాపు 31.9 లక్షలు. సరంగుకు నెలకు 40 వేలు, ఇద్దరు సహాయకులకు 20 వేల చొప్పున పన్నెండు నెలలకు 9.6 లక్షలు, సీజను అయిపోగానే జీతం ఆపేస్తే మంచి సరంగు వచ్చే ఏడాదికి వేరే పడవలో కనిపిస్తాడు కాబట్టి దీన్ని తగ్గించడానికి వీల్లేదు. వినియోగదారులను తెచ్చే ఏజెంట్లకు 15 శాతం చొప్పున 10.1 లక్షలు. సర్వీసింగు, అడుగు రంగు, ఉప్పునీటికి తినిపోయే జింకు దిమ్మల మార్పిడి వగైరాలకు 4 లక్షలు. గాలపు కర్రలు, రీళ్లు, అల్లిక దారాలు, రాళ్లకు తగులుకుని పోయే ఎర బొమ్మలకు 3 లక్షలు. బీమాకు లక్షన్నర. మొత్తం 60.1 లక్షలు. మిగిలేది 30 లక్షలు కాదు, 7.4 లక్షలు. ఇందులో ఇంధనపు అంకె ఇంజన్ల స్వభావాన్ని బట్టి వేసింది. మిగతావి నా అంచనాలు. మీ బావమరిది దగ్గర నిజమైన బిల్లులుంటే వాటిని ఈ చోట్లలో పెట్టి మళ్లీ లెక్క వేయండి.

ఆ లెక్కలో అసలు కనబడని ఖర్చు ఒకటి ఉంది. ఈ వ్యాపారంలో చేతులు కాల్చుకున్నవారిని చాలామటుకు ముంచింది అదేనని నా నమ్మకం. రోజుకు ఏడు గంటల చొప్పున 150 రోజులంటే ఇంజను ఏడాదికి వెయ్యి గంటలకు పైగా తిరుగుతుంది. ప్రతి 100 గంటలకు ఆయిలు మార్పిడి, సర్వీసు చేయించాలి. ప్రతి సాయంత్రం మంచినీటితో లోపలంతా కడగాలి. ఇంత చేసినా ఈ వాడకంలో పాత ఇంజన్లు అయిదేళ్లు మన్నుతాయనుకోవడం ఉదారమైన అంచనాయే. రెండు కొత్త ఇంజన్లకు 25 లక్షలనుకుంటే ఏడాదికి 5 లక్షలు ఇప్పటి నుంచే పక్కన పెట్టాలి. అప్పుడు మిగిలేది 2.4 లక్షలు, అందులో మీ వాటా లక్షా 60 వేలు, అంటే 40 లక్షల మీద 4 శాతం. పడవ 150 రోజులు కాక 100 రోజులే నడిస్తే, ఆ ఇంజన్ల నిధిని పక్కన పెట్టకముందే, 45 లక్షల రాబడికి దాదాపు 45 లక్షల ఖర్చు వచ్చి మీ వాటా సున్నా అవుతుంది. కొత్తగా మొదలుపెట్టే పడవకు మొదటి ఏడాది 100 రోజులు దొరికితే అదృష్టమే అనుకోవాలి.

పడవ ఆస్తి కదా, ఎప్పుడైనా అమ్ముకోవచ్చు కదా అని మీరు రాశారు. ఆదాయపు పన్ను లెక్కల్లో పడవల తరుగుదల ఏటా 20 శాతం. ఆ లెక్కన 60 లక్షల పడవ అయిదేళ్లకు పుస్తకాల్లో 20 లక్షల లోపుకు దిగుతుంది. భూమిలాగా, బంగారంలాగా దాన్ని చూడడానికి వీల్లేదు.

ఇక బాధ్యత సంగతి. మీ బావమరిది మాటలో మీరిద్దరూ భాగస్తులు. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ చేసిన ప్రతి పనికీ ప్రతి భాగస్తుడూ ఉమ్మడిగానూ, విడివిడిగానూ బాధ్యుడే. సముద్రంలో ఎవరికైనా ప్రమాదం జరిగి, బీమా చాలకపోతే, మిగతా పరిహారం కోసం విశాఖలోని మీ ఇంటి వరకు రావచ్చు. మీరు ఆ రోజు పడవలో లేరన్నది సమాధానం కాదు. పైగా అండమాన్‌లో పడవ ఎక్కడికి వెళ్లకూడదో నిర్ణయించే నియమాలు చాలా కఠినమైనవి. నార్త్ సెంటినెల్ ద్వీపానికి 5 నాటికల్ మైళ్ల లోపలికి పోవడం నేరం. వండూరులోని మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులోనూ, రాణీ ఝాన్సీ మెరైన్ నేషనల్ పార్కులోనూ వేట నిషిద్ధం. పెద్ద చేప కోసం పట్టుబట్టే పర్యాటకుడి మాట విని సరంగు ఒక్కసారి గీత దాటితే కేసు అవుతుంది, పడవ స్వాధీనమవుతుంది, అందులో ఉన్నది మీ పదవీ విరమణ సొమ్ము. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు కూడా తప్పనిసరి. అతని లెక్కలో దాని ఊసే లేదు.

ఇదంతా మీ బావమరిది మీద అనుమానంతో రాస్తున్నది కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లిన తెలుగు మత్స్యకార కుటుంబాలు శ్రీవిజయపురంలోని జంగ్లీఘాట్‌లో ఎంత కష్టపడి నిలదొక్కుకున్నాయో నాకు తెలుసు. ఆ నీళ్ల మీద అతనికున్న అనుభవం నిజమైనదే. కానీ వేట తెలియడం వేరు, పర్యాటకులతో వ్యాపారం చేయడం వేరు. పైగా వ్యాపారం దెబ్బతింటే పోయేది డబ్బు మాత్రమే కాదు. మీ ఇంట్లో పండుగలకు ఎవరు వస్తారు, ఎవరు రారన్నది కూడా దానితోపాటే మారిపోతుంది. మీ శ్రీమతి ఈ విషయంలో ఏమన్నారో ఉత్తరంలో లేదు. తమ్ముడికీ భర్తకూ మధ్య నిలబడవలసింది ఆమె కాబట్టి, దయచేసి ఆమెతో కూర్చుని ఈ అంకెలన్నీ చెప్పి మాట్లాడండి.

మరి 72 లక్షలను ఏం చేయాలి? ఇక్కడ గడువు ఉన్న పని ఒకటి ఉంది, దాన్ని మీరు గమనించినట్టు లేదు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో మామూలుగా 60 ఏళ్లు నిండినవారే చేరాలి. అయితే 55 ఏళ్లు దాటి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నవారికి కూడా అవకాశం ఉంది, కాకపోతే విరమణ సొమ్ము అందిన మూడు నెలల్లోపే జమ చేయాలి. మీకు సొమ్ము గత నెలలో వచ్చింది. గరిష్ఠ పరిమితి 30 లక్షలు. ఇప్పుడున్న 8.2 శాతం వడ్డీతో ప్రతి మూడు నెలలకు 61,500 రూపాయలు, ఏడాదికి 2.46 లక్షలు వస్తాయి. జమ చేసిన రోజున్న రేటే అయిదేళ్లూ సాగుతుంది. పైన 40 లక్షలు పెట్టి, 150 రోజులు పడవ నడిపి మీరు పొందే వాటా కంటే ఇది ఎక్కువ. వడ్డీ మీద పన్ను ఉంటుంది, మధ్యలో తీస్తే కొంత కోత ఉంటుంది, అంతే.

మీ అమ్మాయి పై చదువుకు 12 లక్షలు ఏడాది, రెండేళ్ల గడువుల బ్యాంకు డిపాజిట్లలో వేయండి. చదువు రేపో మాపో కాబట్టి ఆ సొమ్మును షేర్ల జోలికి తీసుకుపోవద్దు. ఆరు లక్షలు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకునేలా ఉంచండి. ఉద్యోగంతోపాటు సంస్థ వైద్య సదుపాయం కూడా పోయిందేమో చూసుకుని, పోయి ఉంటే ఈ నెలలోనే కుటుంబానికి ఆరోగ్య బీమా తీసుకోండి. తొమ్మిది లక్షలను నెలనెలా కొంత చొప్పున ఏడాదిన్నర పాటు షేర్లూ, బాండ్లూ కలిసి ఉండే ఒక హైబ్రిడ్ మ్యూచువల్ ఫండులోకి మార్చండి.

మిగిలిన 15 లక్షలే మీ సముద్రం. మీరూ, మీ శ్రీమతీ ఉమ్మడిగా పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలో వేస్తే, ఉమ్మడి ఖాతా పరిమితి కూడా సరిగ్గా అంతే, ఇప్పటి 7.4 శాతం లెక్కన నెలకు 9,250 రూపాయలు, ఏడాదికి లక్షా 11 వేలు వస్తుంది. నలుగురు మిత్రులు కలిసి మీ బావమరిది చెప్పిన 45 వేల ధరకే అయిదు రోజులు పడవ మాట్లాడుకుంటే మనిషికి 56,250 రూపాయలు పడుతుంది. విమానం, బస కలుపుకున్నా ఆ వడ్డీలో సరిపోతుంది. అసలు కదలకుండా ప్రతి ఫిబ్రవరిలోనూ మీరు ఆ దిబ్బల అంచున నిలబడి గాలం విసరవచ్చు. తుపాను వస్తే ఆ ఏడాది మానుకోవచ్చు. పడవ ఎవరిదైనా సరే, అడ్వాన్సు కట్టే ముందు మత్స్యశాఖ అనుమతి, పడవ నమోదు, ప్రయాణికుల బీమా కాగితాలు చూడండి. వాతావరణం వల్ల రద్దయితే సొమ్ము తిరిగి వస్తుందా, తేదీ మాత్రమే మారుతుందా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. మీ ప్రయాణ బీమాలో సాహస క్రీడలకు బీమా వర్తించదన్న షరతు ఉందేమో కూడా చదవండి.

బావమరిదికి ఏదో ఒక చేయూత ఇవ్వకుండా ఉండలేనని మీరు అనుకుంటే, పైన చెప్పిన 9 లక్షల్లోంచి 5 లక్షల వరకు అప్పుగా ఇవ్వండి. భాగస్వామ్యంగా వద్దు. ప్రోనోటు రాయించుకోండి, దానికి కాలపరిమితి మూడేళ్లేనని గుర్తుంచుకోండి. ఆ సొమ్ము తిరిగి రాకపోయినా ఆప్యాయతలో తేడా రాదని మీ మనసుకు మీరు చెప్పుకోగలిగినంత మొత్తమే ఇవ్వండి. అతను పడవనే కొనాలనుకుంటే ముందు ఒక సీజను అద్దె పడవతో నడిపి, నిజంగా ఎన్ని రోజులు నిండాయో, ఎన్ని లీటర్లు కాలాయో పుస్తకంలో రాసి ఉంచమనండి. వచ్చే మే నెలలో ఆ పుస్తకం పంపితే నేనే కూర్చుని మళ్లీ లెక్క వేస్తాను.

ఈలోగా ఈ వారంలోనే మీ సంస్థ నుంచి పదవీ విరమణ తేదీ, అందిన ప్రయోజనాల మొత్తం, మీ హోదా రాసిన ధ్రువపత్రం తీసుకుని, ఆధార్, పాన్ కార్డులతో పోస్టాఫీసుకు గానీ, మీ బ్యాంకుకు గానీ వెళ్లి 30 లక్షల ఖాతా తెరవండి.