తాత గొంతు వస్తే తాత అప్పులూ వస్తాయా?

ప్రశ్న: మాది తాడిపత్రి. మా నాయన పౌరాణిక నాటకాల్లో హరిశ్చంద్ర వేషం కట్టేవాడు. ఆ తిరుగుళ్లలోనే తాగుడు మరిగి ఐదెకరాల చేను పోగొట్టినాడు. ఆయన పోయి నాలుగేళ్లయింది. పన్నెండేళ్ల మా అబ్బాయి కాటిసీను పద్యాలు ఎత్తుకుంటే అచ్చం ఆయన గొంతే, నాకు ప్రాణం లేచివస్తుంది. మా అత్త మాత్రం ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు’ అంటూ ఆయన హార్మోనియం అమ్మేయమంటోంది. మా ఆయనదీ అదే మాట. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ అత్తగారి భయాన్ని చాదస్తమని కొట్టిపారేయకండి. వియ్యంకుడి చేను కరిగిపోవడం కళ్లారా చూసిన మనిషికి ఆ పద్యం వింటే ముందుగా చేనే గుర్తుకు వస్తుంది. అయితే ఆమె ఒకే మూటగా కట్టినవాటిని విప్పి చూడాలి.

మనవడికి ఒక తాత నుంచి అందే జన్యువులు సగటున నాలుగో వంతు మాత్రమే. మీకు మీ నాయన నుంచీ, అమ్మ నుంచీ వచ్చిన క్రోమోజోములు ముక్కలుగా కలగలిసి, ఏ ముక్క బిడ్డకు చేరుతుందో ఎవరి చేతిలోనూ లేని పద్ధతిలో అందుతాయి కనుక, గొంతు వచ్చింది కాబట్టి తాగుడూ వచ్చి తీరుతుందనడానికి ఆధారం లేదు. మద్యం వ్యసనంలో వంశం వాటా సుమారు సగమని కవలల అధ్యయనాలు చెబుతున్నందువల్ల, ఆ సంగతి దాచకుండా అబ్బాయికి మరికొంత వయసు వచ్చాక మీరే చెప్పాలి. మిగతా సగం పెంపకం, స్నేహాలు, ఇంటి పరిస్థితుల మీద ఆధారపడుతుంది. ఇంకో మాట: ఎనిమిదేళ్లు వచ్చేదాకా వాడు తాతను చూస్తూ, ఆ పద్యాలు వింటూ పెరిగి ఉంటాడు. మనం రక్తం అనుకునేదాంట్లో చెవుల వాటా ఎంతో ఎవరు తేల్చగలరు?

నాటకం సంసారాన్ని ముంచుతుందన్న మాటకు మీ ఊరే జవాబు చెప్పగలదు. 1880లో తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ వకీలుగా పేరు తెచ్చుకుంటూనే రంగస్థలాన్ని ఏలాడు. ఆయన మేనమామ, ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు కూడా వకీలే. ఈ సంగతి మీ ఆయనకు చెప్పండి, మీ అత్తగారు వినేటట్టు.

ఇక మీతో ఒక కఠినమైన మాట. ఆ గొంతులో మీకు పోయిన నాయన వినిపిస్తున్నాడు, అత్తగారికి పోయిన చేను వినిపిస్తోంది. వాడికి పాడటం ఇష్టమో, మీ కళ్లలో వెలుగు చూడటానికి పాడుతున్నాడో అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీరు లాలనగా, ఆమె కోపంగా వాడి మీద మోపుతున్న బరువు ఒకటే. ‘అచ్చం మా నాయనే’ అనడం కొన్నాళ్లు మానండి. పద్యం బాగా పాడితే పద్యం బాగుందని చెప్పండి చాలు.

హార్మోనియం అమ్మవద్దు. చదువుకు అడ్డురాకుండా సాయంత్రం అరగంట పాడుకోవడానికి మీ ఆయనను ఒప్పించండి. త్వరలో గొంతు మారే వయసు వస్తుంది. అప్పుడు పై స్థాయిలో రాగాలు లాగి గొంతు చించుకోకుండా, శ్రుతి తగ్గించి పాడమనండి.